మూడో రోజు విడాల్ పాజిటివ్ వచ్చింది, అది టైఫాయిడేనా? ఈ పరీక్ష ఎక్కడ మొదలైంది, ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న చదివాను. సూళ్ళూరుపేట నుంచి పెరంబూరులో మీ ఇంటికి వచ్చిన నాన్నగారికి జ్వరం తగిలింది. మూడో రోజు పక్కవీధి ల్యాబ్‌లో ఫీవర్ ప్యాకేజీ చేయించారు. టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్తపరీక్షలో ఓ 1:80, హెచ్ 1:160 అని వచ్చింది. ఇంట్లో అందరూ టైఫాయిడ్ అని ఖాయం చేసుకున్నారు. అమ్మగారు అన్నం మాన్పించి జావ మొదలుపెట్టారు. డాక్టరుగారు మాత్రం ఆ రిపోర్టు పక్కన పెట్టి, యాంటీబయాటిక్ వేసుకోకముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి, రక్తం ఇవ్వమన్నారు. ‘రక్తంలో తేలిపోయాక మళ్ళీ రక్తం ఎందుకు? ఈ విడాల్ ఎప్పటి పరీక్ష? నమ్మాలా, వద్దా? జ్వరం తగ్గాక మళ్ళీ చేయించి నెగటివ్ చూసుకోవాలా?’ అని అడిగారు.

ముందు అవసరమైన మాట. డాక్టరుగారు చెప్పింది సరైనది. ఇంకా కల్చర్ ఇవ్వకపోతే ఇది చదవడం ఆపి, వెళ్ళి ఇచ్చి రండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నాది గూడూరు. 1983లో మద్రాసుకు వచ్చి ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం సీరాలజీ, అంటే విడాల్ లాంటి రక్తపరీక్షల బల్ల దగ్గరే గడిచింది. పొద్దున్నే సెంట్రల్‌లో దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చే నెల్లూరు, తిరుపతి వైపు మనవాళ్ళ రక్తం ఎన్ని వేలసార్లు చూశానో లెక్క లేదు. చాలామంది చేతిలో మీ దగ్గర ఉన్నలాంటి కాగితమే ఉండేది. ఈ పరీక్ష చెడ్డదని నేను అనను. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో మరిచిపోయి వాడుతున్నాం. ఆ సంగతి తెలియాలంటే అది పుట్టిన రోజుల్లోకి వెళ్ళాలి.

మా అవ్వ జ్వరాన్ని రోజులతో కొలిచేది. వంటింటి గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. ఏడో గీత లోపల దిగితే మామూలు జ్వరం, మూడు వారాలు సాగితే సన్నిపాతం. 1896కి ముందు పెద్ద పెద్ద డాక్టర్లు చేసిందీ దాదాపు ఇంతే. జ్వరం ఎలా ఎక్కుతోంది, ఎలా దిగుతోంది, కడుపు ఉబ్బిందా, ప్లీహం పెరిగిందా, ఒంటి మీద గులాబీ మచ్చలు వచ్చాయా అని చూసేవారు. టైఫాయిడ్ క్రిమిని ఎబర్త్ 1880లో చూశాడు, గాఫ్కీ 1884లో ల్యాబ్‌లో పెంచాడు. అయినా బతికున్న రోగి పక్కన నిలబడిన డాక్టరుకు వాటివల్ల వెంటనే ఒరిగింది తక్కువ. మలంలో చూద్దామంటే అచ్చం అలాగే కనిపించే పేగు క్రిములు కోట్ల కొద్దీ ఉంటాయి. చనిపోయినవాళ్ళ పేగుల్లో, ప్లీహంలో మాత్రం నిశ్చయంగా దొరికేది. మలేరియా ఈ విషయంలో నయం. లావెరాన్ 1880లో అల్జీరియాలో ఒక సైనికుడి రక్తంలోనే ఆ పరాన్నజీవిని చూశాడు కాబట్టి, మైక్రోస్కోపు ఉన్నచోట రక్తపు చుక్కతోనే తేలిపోయేది. టైఫాయిడ్‌కు అలాంటి చుక్క లేదు.

1896లో వియన్నాలో మాక్స్ గ్రూబర్, ఆయన దగ్గర పనిచేస్తున్న హెర్బర్ట్ డరమ్ ఒక విషయం బయటపెట్టారు. క్రిములు ఎక్కించిన జంతువు సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని) ఈదుతున్న క్రిముల్లో కలిపితే, అవి కదలిక మానేసి ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. విరిగిన పాలలో తరకలు తేలినట్టు ఉంటుంది. వాళ్ళ ఉద్దేశం తెలిసిన సీరంతో తెలియని క్రిమిని గుర్తించడం. అదే ఏడాది జూన్‌లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ దీన్ని తిరగేశాడు. క్రిమి తెలిసినదే తీసుకుందాం, తెలియని రోగి సీరం కలిపి చూద్దాం అన్నాడు. కోలుకున్నాకే కాకుండా, జ్వరం ఇంకా మీద ఉండగానే రోగి సీరం క్రిముల్ని గుంపు కట్టిస్తుందని చూపించాడు. ఆ ఒక్క గమనింపుతో టైఫాయిడ్‌కూ రక్తపరీక్ష దొరికింది.

ఇక్కడ ఇంకో పేరు చెప్పకుండా ఉండలేను. గ్రూబర్ ల్యాబ్‌లోనే పనిచేసిన ఆల్బర్ట్ గ్రున్‌బామ్‌కూ ఇదే ఆలోచన వచ్చింది. చేతిలో టైఫాయిడ్ రోగులు ఎక్కువమంది లేక వెనకబడ్డాడు, విడాల్ ముందు ప్రకటించాడు. కాని సీరాన్ని తగినంత పలచన చేయకపోతే ఈ పరీక్షకు అర్థం లేదని గట్టిగా పట్టుబట్టినవాడు గ్రున్‌బామ్. చిక్కని సీరం వేస్తే ఆరోగ్యవంతుడి రక్తం కూడా క్రిముల్ని గుంపు కట్టించగలదు. మీ నాన్నగారి రిపోర్టులో ఉన్న 1:80, 1:160 అనే అంకెలు ఆ పట్టుదల నుంచే వచ్చాయి. ఒక వంతు సీరానికి మొత్తం ఎనభై వంతులయ్యేలా సెలైన్ కలిపినా గుంపు కట్టింది, ఇంకా పలచన చేస్తే కట్టలేదు అని ఆ అంకె అర్థం. ఎంత పలచన చేసినా పనిచేస్తోందంటే క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలు అంత ఎక్కువ ఉన్నట్టు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. కెనడాలోని మాంట్రియల్‌లో వ్యాట్ జాన్‌స్టన్ అనే బాక్టీరియాలజిస్టు క్విబెక్ ఆరోగ్య మండలికి పనిచేసేవాడు. ఊళ్ళ నుంచి రక్తం ల్యాబ్‌కు చేరాలి. అప్పటికి ఇప్పటిలా రక్తాన్ని చల్లగా, త్వరగా పంపే ఏర్పాట్లు లేవు. సీరం దారిలోనే పాడైపోతుంది. జాన్‌స్టన్ 1896లోనే ఒక ఉపాయం చెప్పాడు. వేలి మీద పొడిచి ఒక్క చుక్క రక్తం కాగితం మీద ఆరబెట్టి, కవర్లో పెట్టి పోస్టులో పంపండి అన్నాడు. ల్యాబ్‌లో ఆ ఎండిన చుక్కను నీళ్ళతో తడిపి, బతికున్న క్రిముల ద్రవంలో కలిపి మైక్రోస్కోపు కింద చూసేవారు. కదలడం ఆగి గుంపు కడితే టైఫాయిడ్ అనుమానం గట్టిపడినట్టే. ఎక్కడో మంచు కురిసే పల్లెలో డాక్టరుకు ఒక పోస్టు కవరు వల్ల పట్టణపు ల్యాబ్ అందుబాటులోకి వచ్చింది. ఈ రోజుల్లో పుట్టిన బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం కాగితం మీద ఆరబెట్టి పంపడం చూసినప్పుడల్లా నాకు ఆ కవర్లు గుర్తొస్తాయి.

న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ దీన్ని వెంటనే అందుకుంది. హెర్మన్ బిగ్స్, విలియం పార్క్ అక్కడ 1893 నుంచే డిఫ్తీరియా కోసం గొంతు నమూనాలు తీసే పెట్టెల్ని మందుల షాపుల్లో ఉంచే ఏర్పాటు చేశారు. టైఫాయిడ్ రక్తపు చుక్కకు కూడా అదే దారి వాడారు. ప్రజారోగ్యానికి ఇది ఎందుకంత పెద్ద సంగతో ఆలోచించండి. టైఫాయిడ్ నీళ్ళతో, పాలతో, చేతులతో వస్తుంది. మొదటి రెండు మూడు కేసుల్ని మలేరియా అనో, జలుబు జ్వరం అనో వదిలేస్తే, బావి మూయించడానికో పాలవాడిని ఆపడానికో ఉన్న రెండు వారాలూ పోతాయి. నడుస్తూ తిరుగుతూ ఉండే తేలికపాటి టైఫాయిడ్‌ను గడ్డం కింద చేయి పెట్టి చూసి ఎవరూ చెప్పలేరు.

కాని ఎండిన చుక్కకు ఒక లోపం ఉంది. ఎంత రక్తం ఎన్ని నీళ్ళలో కరిగిందో సరిగ్గా తెలియదు. అంటే గ్రున్‌బామ్ పట్టుబట్టిన పలచన లెక్కే ఇక్కడ జారిపోతుంది. సులువుగా చేరుతుంది, కచ్చితంగా కొలవలేం. మీ పక్కవీధి ల్యాబ్‌లో ఒక్క నిమిషంలో చేసే స్లైడ్ విడాల్‌కూ ఇదే జబ్బు. దాని సంగతి కింద చెబుతాను.

రక్తపరీక్ష కళ్ళు తెరిపించిన రెండు సందర్భాలు చెప్పాలి. 1898లో స్పెయిన్‌తో యుద్ధం కోసం అమెరికాలో సైనిక శిబిరాలు పెట్టారు. జ్వరాలు విరుచుకుపడ్డాయి. శిబిరాల డాక్టర్లు చాలా కేసుల్ని మలేరియా అని రాసి క్వినైన్ ఇచ్చారు. వాల్టర్ రీడ్, విక్టర్ వాన్, ఎడ్వర్డ్ షేక్‌స్పియర్ ముగ్గురినీ విచారణకు పంపారు. రక్తం తీసి చూస్తే మలేరియా క్రిమి చాలా అరుదు, అసలు జబ్బు టైఫాయిడ్. ఇరవై వేలమందికి పైగా జబ్బుపడ్డారు, పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. శత్రువు గుళ్ళకు పోయినవాళ్ళకన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. జబ్బు పేరు తప్పు రాయడం వల్ల మరుగుదొడ్ల మీద, ఈగల మీద, చేతుల శుభ్రత మీద పెట్టాల్సిన దృష్టి క్వినైన్ సీసా మీదికి పోయింది.

రెండోది మాల్టా ద్వీపం. అక్కడి సైనికుల్ని నెలల తరబడి పీడించే జ్వరానికి కారణమైన క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో కనిపెట్టాడు. ఇప్పుడు దాన్నే బ్రూసెల్లా అంటున్నాం. అది మనిషికి ఎలా చేరుతోందో చాలాకాలం తెలియలేదు. 1897లో ఆల్మ్‌రాత్ రైట్, ఆయన తోటివారు ఈ జ్వరానికీ గుంపు కట్టే పరీక్ష తయారు చేశారు. 1905లో తెమిస్టొక్లిస్ జమ్మిట్ అనే మాల్టా డాక్టరు ఆ పరీక్షను మేకల మీద చేసి చూశాడు. ఆరు మేకల్లో ఐదింటి రక్తం పాజిటివ్! చూడ్డానికి అవి నిక్షేపంగా ఉన్నాయి, పాలిస్తున్నాయి. మరుసటి ఏడాది సైన్యంలో మేకపాలు ఆపేశారు, జ్వరాలు పడిపోయాయి. అదే పరీక్ష రోగి పక్కన ఒక ప్రశ్నకు, ఊరి మధ్యలో ఇంకో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ‘ఈ క్రిమి ఎప్పుడైనా ఈ ఒంట్లోకి వచ్చిందా?’ అన్నదానికి మేక రక్తం అద్భుతంగా జవాబు చెప్పింది. ‘ఈ రోజు ఈ మనిషికి వచ్చిన జ్వరం అదేనా?’ అన్నది వేరే ప్రశ్న. మీ రిపోర్టు దగ్గర జరిగిన తికమక ఇక్కడే ఉంది.

రిపోర్టులో ఓ, హెచ్ అని ఎందుకు రాస్తారో చాలామంది ల్యాబ్ పిల్లలకే తెలియదు. ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రోటియస్ అనే క్రిమి మీద పనిచేస్తున్నారు. తోకల్లాంటి పోగులతో ఈదే రకం జెల్లీ పలక మీద పలచటి పొరలా పాకుతుంది, అద్దం మీద నోటితో ఊదితే ఆవిరి పట్టినట్టు. జర్మన్‌లో ఆ ఊపిరి పొరను హౌఖ్ అంటారు, అదే హెచ్. ఊపిరి పొర లేనిది ఓ, ‘ఓనె’ అంటే లేకుండా అని. పోగుల మీద వచ్చే యాంటీబాడీ హెచ్, ఒంటి మీద వచ్చేది ఓ. అదే క్రిమితో వాళ్ళు టైఫస్ జ్వరానికి కూడా (పేరు దగ్గరగా ఉన్నా ఇది టైఫాయిడ్ కాదు, వేరే జబ్బు) ఒక పరీక్ష ఇచ్చారు. టైఫస్ తెచ్చేది ప్రోటియస్ కాకపోయినా టైఫస్ రోగి సీరం దాన్ని గుంపు కట్టిస్తుంది. ఆ వైల్-ఫెలిక్స్ పరీక్షను నేను వందలసార్లు చేశాను. వైల్ 1922లో ల్యాబ్‌లోనే టైఫస్ అంటుకుని చనిపోయాడు. బల్ల దగ్గర గ్లవ్స్ వేసుకోకుండా కూర్చున్న కొత్త పిల్లలకు ఈ సంగతి చెప్పేదాన్ని.

మన మద్రాసుకూ ఈ కథలో పెద్ద చోటుంది. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే వచ్చే జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ పనిచేసేవాడు. ప్లీహం బాగా పెరిగి, నెలల తరబడి జ్వరంతో చిక్కిపోయే రోగుల్ని అప్పట్లో ముదిరిన మలేరియా అనేవారు. రక్తంలో మలేరియా దొరికేది కాదు, క్వినైన్ పనిచేసేది కాదు. 1903 జూన్‌లో డోనవన్ పన్నెండేళ్ళ పిల్లవాడి ప్లీహం నుంచి సూదితో తీసిన చుక్కలో చిన్న చిన్న గుండ్రటి క్రిముల్ని చూశాడు. అదే ఏడాది మే నెలలో లీష్మన్ అనే బ్రిటిష్ సైనిక డాక్టరు, కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జబ్బుపడి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో చూసినవాటి గురించి రాశాడు. రెండూ ఒకటే అని తేలింది. ఆ కాలా అజార్ క్రిమికి లీష్మానియా డోనవని అని పేరు పెట్టింది, సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్. నెగటివ్ స్లైడుకు కూడా విలువ ఉందని నేను డోనవన్ దగ్గర నేర్చుకున్నాను. మలేరియా లేదని తేలినచోట ఆయన పాత పేరుతో సరిపెట్టుకోలేదు.

ఇప్పుడు నా బల్ల మీద జరిగినది చెబుతాను. చెప్పడం కష్టమే, కాని మీకు ఉపయోగపడుతుంది.

2004 నవంబరు. వానలు. తడ వైపు నుంచి పందొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చాడు. నేను పనిచేసిన ఆసుపత్రిలో అప్పుడు విడాల్ స్లైడ్ మీదే చేసేవాళ్ళం. రిక్వెస్ట్ కాగితం మీద ‘జ్వరం’ అని ఒక్క ముక్క ఉంది. ఎన్నో రోజు, ఏ మందులు వాడాడు, ముందెప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా, ఏమీ లేదు. నేనూ అడగలేదు. ఓ 1:160, హెచ్ 1:320. సంతకం పెట్టి పంపాను. టైఫాయిడ్ మందు మొదలైంది. ఆరు రోజులైనా జ్వరం దిగలేదు. ఊపిరి ఆడక ఐసీయూకి మార్చారు. అక్కడ ఒక యువ డాక్టరమ్మ పంచె ముడి కింద, నడుము దగ్గర నల్లటి పెచ్చు చూసింది. బీడీతో కాల్చినట్టు ఉండే మచ్చ, నొప్పి ఉండదు. స్క్రబ్ టైఫస్ తెచ్చే చిన్న పురుగు కుట్టినచోటు అది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. కుర్రాడు బతికాడు, కాని మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్ళమ్మ చెవికమ్మలు అమ్మి బిల్లు కట్టింది. తర్వాత అడిగితే తెలిసింది, కిందటేడే వాడికి టైఫాయిడ్ వచ్చి తగ్గిందట. నేను చూసింది ఆ పాత జ్ఞాపకాన్ని. రిపోర్టు తప్పు కాదు, అంకెలు నిజమే. కాని నా సంతకం చూసి అందరూ వెతకడం ఆపేశారు. ఆ వారం నుంచి, జ్వరం ఎన్నో రోజో రాయని కాగితంతో వచ్చిన విడాల్ శాంపిల్‌ను నేను బల్ల మీద పెట్టలేదు. చాలామందికి కోపం వచ్చింది, వార్డులకు ఫోన్లు చేసి రోజు కనుక్కునేదాన్ని.

(ఆ కుర్రాడిని కాపాడిన డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. దాన్ని తెచ్చిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనను నడిపినవారు భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ రాత్రి ఇంటికి పోతూ ఆయన్ని తలచుకున్నాను.)

ఇక మీ నాన్నగారి కాగితం. టైఫాయిడ్ వస్తే ఓ యాంటీబాడీ సాధారణంగా మొదటి వారం చివర్లో, ఆరు నుంచి ఎనిమిది రోజులకు కనిపిస్తుంది. హెచ్ ఇంకా ఆలస్యం, పది పన్నెండు రోజులకు. ఆయనకు రక్తం తీసింది మూడో రోజు. ఈ జ్వరానికి ఒళ్ళు ఇంకా యాంటీబాడీలు తయారుచేసే సమయమే కాలేదు. అయినా హెచ్ 1:160 ఉందంటే అది చాలావరకు పాతది. మన ఊళ్ళలో నీళ్ళు తాగి పెరిగిన పెద్దవాళ్ళలో జ్వరం లేకపోయినా ఇలాంటి టైటర్లు, అంటే ఈ పలచన అంకెలు, ఉంటాయి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ కావచ్చు, టీకా కావచ్చు, టైఫాయిడ్ క్రిమికి దగ్గరి చుట్టాలైన వేరే సాల్మొనెల్లా క్రిములు కావచ్చు. ఇంకో సంగతి, మలేరియా, డెంగ్యూ లాంటి వేరే జ్వరం వచ్చినప్పుడు కూడా ఒళ్ళు పాత జ్ఞాపకాన్ని కదిపి హెచ్‌ను పైకి లేపుతుంది. అలాగని టైఫాయిడ్ కాదని కూడా ఈ కాగితం చెప్పలేదు. మొదటి వారంలో విడాల్ నెగటివ్ వచ్చినా టైఫాయిడ్ ఉండొచ్చు.

విడాల్‌కు నిజంగా అర్థం రావాలంటే రెండు శాంపిళ్ళు కావాలి. మొదటిది ఇప్పుడు, రెండోది వారం పది రోజుల తర్వాత, అదే ల్యాబ్‌లో, ట్యూబ్ పద్ధతిలో. టైటర్ నాలుగు రెట్లు పెరిగితే, అంటే 80 ఉన్నది 320 అయితే, అప్పుడు ఈ జ్వరం గురించే మాట్లాడుతోందని నమ్మొచ్చు. స్లైడ్ మీద నీలం రంగు ఓ, ఎరుపు రంగు హెచ్ ద్రవాల్ని చుక్క సీరంతో కలిపి నిమిషంలో చదవాలి. ఫ్యాన్ గాలికి అంచులు ఆరితే గుంపు కట్టినట్టే కనిపిస్తుంది. పని ఒత్తిడిలో రెండు నిమిషాలకు చూసినా అంతే. ట్యూబుల్లో వరసగా పలచన చేసి, రాత్రంతా వెచ్చగా ఉంచి, పొద్దున చదివేదే సరైన టైటర్. ఇప్పుడు కార్డు మీద రెండు గీతలు వచ్చే రాపిడ్ టెస్టులు కూడా చూసేది యాంటీబాడీలనే. పేరు కొత్తదైనా ఆ పరిమితి పాతదే.

కల్చర్ మాత్రం క్రిమినే పట్టుకుంటుంది. మొదటి వారంలో దానికి బలం ఎక్కువ, సరిగ్గా యాంటీబాడీలకు బలం లేని రోజుల్లో. కాని ఒక చిక్కుంది. టైఫాయిడ్ రోగి రక్తంలో ఒక మిల్లీలీటరుకు సుమారు ఒక్క క్రిమి మాత్రమే ఉంటుంది, చాలాసార్లు అంతకన్నా తక్కువ. రెండు మిల్లీలీటర్లు తీస్తే తప్పిపోవడం ఆశ్చర్యం కాదు. పెద్దవాళ్ళకు సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు కావాలి, వీలైతే రెండు సీసాలు. ‘అంత రక్తమా’ అని నాన్నగారు కంగారుపడితే, సీసాకు రెండు చిన్న చెంచాల లెక్కే అని చెప్పండి. యాంటీబయాటిక్ ఒక్క మాత్ర పడినా క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది, అందుకే డాక్టరుగారు ముందే ఇవ్వమన్నారు. ఇంత చేసినా టైఫాయిడ్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికే కల్చర్ పెరుగుతుంది. ఎముక మజ్జ కల్చర్‌లో ఎక్కువ దొరుకుతుంది కాని అందరికీ అది అక్కర్లేదు. కల్చర్ పెరిగితే ఇంకో లాభం, ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. ఇప్పుడు మన దగ్గర టైఫాయిడ్ క్రిమి చాలా పాత మందులకు లొంగడం లేదు కాబట్టి ఆ పట్టిక బంగారం.

మూడో రోజుకు సరిపోయే మిగతా పరీక్షలు డాక్టరుగారిని అడగండి. మలేరియా స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూసేది) ఒకసారి నెగటివ్ వస్తే వదిలేయకుండా జ్వరం ఎక్కినప్పుడు మళ్ళీ తీయాలి. డెంగ్యూకు మొదటి ఐదు రోజుల్లో వైరస్ ముక్కను పట్టే ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత యాంటీబాడీని చూసే ఐజీఎం. మోకాలి లోతు వాననీళ్ళలో నడిచి ఉంటే ఆ సంగతి చెప్పండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం కూడా చూడాలి. ఒళ్ళంతా, చంకలు, గజ్జలు, నడుము మడతల్లో నల్ల పెచ్చు ఉందేమో మీరే వెతకండి, సిగ్గుపడితే ఒప్పించండి. మత్తుగా ఉన్నా, ఆయాసం వచ్చినా, కడుపు నొప్పి ఎక్కువైనా, మలంలో నలుపు లేదా రక్తం కనిపించినా, మూత్రం తగ్గినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చివరి ప్రశ్న, తగ్గాక మళ్ళీ విడాల్ చేయించి నెగటివ్ చూసుకోవాలా అన్నది. వద్దు. టైఫాయిడ్ నిజంగానే వచ్చి పూర్తిగా తగ్గినా టైటర్ నెలల తరబడి ఉంటుంది, హెచ్ అయితే ఏళ్ళు కూడా. అది దిగలేదని మందు మళ్ళీ మళ్ళీ వాడినవాళ్ళను చూశాను. తగ్గిందనడానికి జ్వరం దిగడం, ఆకలి పుట్టడం చాలు. వంట చేసే పనిలో ఉన్నవాళ్ళకైతే మలం కల్చర్ అవసరం పడొచ్చు.

అమ్మగారికి చెప్పండి, జావ మంచిదే కాని దానితోనే ఆపొద్దు. మెత్తగా వండిన పెరుగన్నం, ఇడ్లీ, ఉడకబెట్టిన గుడ్డు పెట్టొచ్చు. మూడు వారాల జ్వరానికి మూడు వారాలు కడుపు మాడ్చిన రోజుల్లో మనుషులు జబ్బుతో పాటు నీరసంతో కూడా పోయారు. కల్చర్ రిపోర్టు వచ్చాక అందులోని మందుల పట్టిక రాసి పెట్టండి, ఎలా చదవాలో చెబుతాను. జ్వరం మొదలైన తేదీ కూడా రాయండి.